పెంటకుప్ప నుంచి కంపోస్టు డబ్బా దాకా

మన పాత తరాల్లో పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు తరచూ వినిపించేవి. ఇప్పటి పిల్లలు వింటే ముక్కు మూసుకుని నవ్వుతారు. కానీ ఆ పేరు వెనక ఉన్నది నవ్వే విషయం కాదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను తీసుకెళ్లి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టేవారు. "ఈ బిడ్డ మాకు అక్కర్లేదు, పారేశాం" అని మృత్యువును నమ్మించడం అన్నమాట. తర్వాత ఎక్కడో దొరికిన బిడ్డలా ఎత్తుకొచ్చి తల్లి ఒళ్లో పెట్టేవారు. ఎంగిలి విస్తళ్ల మీద దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు నటిస్తే తవిటయ్య, తవిటమ్మ.

ఈ పేర్లు తలచుకున్నప్పుడల్లా నాకు ఒక సంగతి తడుతుంది. ఎంగిలాకు, తవుడు, పెంట. ఈ మూడూ వంటింటి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా సాగే ఒకే దారిలోవి. ఇంట్లో అక్కర్లేనిది ఆ దారిన వెళ్లి మళ్లీ తిండిగా తిరిగొచ్చేది. పోయిందనుకున్నది తిరిగొచ్చే చోటు కాబట్టే కడుపుకోత పడ్డ తల్లులు బిడ్డను ఆ చోటికి అప్పగించారేమో అనిపిస్తుంది. ఇది నా ఊహే. కానీ ఈ రోజు "ఇంట్లో కంపోస్టు ఎలా చేసుకోవాలి" అని ఫోన్లో వెతుక్కుంటున్న మనం, ఒకప్పుడు ప్రతి పెరట్లోనూ ఉన్న ఆ దారి ఎలా మొదలైంది, ఎవరు నడిపారు, ఎక్కడ తెగింది అని ఒకసారి వెనక్కి తిరిగి చూడటం మంచిది.

పెంట అనే మాటనే తీసుకోండి. ఇప్పుడది తిట్టు. "అంతా పెంట చేశావు" అంటాం. కానీ నల్లమల అడవిలో చెంచులు ఉండే చిన్న ఊళ్లను ఈనాటికీ పెంటలనే అంటారు. మనుషులు ఉండే చోటుకీ, ఎరువు కుప్పకీ మన భాషలో ఒకే మాట ఉందంటే, ఒకటి ఉన్నచోట రెండోది తప్పకుండా ఉండేదనే కదా!

ఇంట్లో పేడకు నాలుగు వాటాలు

మా పెదపాడు వైపు పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ దొడ్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల చెక్కు, మిగిలిపోయిన అన్నం, పప్పు నానబోసిన నీళ్లు అన్నీ అందులోకే. పైన గుప్పెడు తవుడు వేసి కలిపితే గేదె గటగటా తాగేది. అందుకే మా అమ్మమ్మ తరానికి "కిచెన్ వేస్ట్" అనే మాట అక్కర్లేకపోయింది. వంటింట్లో మిగిలినదానికి మొదటి హక్కుదారు గేదె. గేదె ముట్టనిది కోళ్లకి. కోళ్లూ వదిలేసింది, పొయ్యి బూడిద, వాకిలి ఊడ్చిన చెత్త, పశువులు తొక్కి పాడుచేసిన గడ్డి మాత్రమే పెంటకుప్పకి చేరేవి.

ఇక పేడ. పొద్దున్నే పేడకళ్లు ఎత్తిన ఆడమనిషి చేతిలోనే దాని పంపకం జరిగేది. వాకిట్లో కళ్లాపికి కొంత. మట్టి నేల అలకడానికి కొంత. పిడకలకి కొంత. మిగిలింది ఎరువుకి. సంక్రాంతి నెలలో అయితే గొబ్బెమ్మలకీ, భోగి పిడకల దండలకీ కూడా అందులోంచే తీయాలి. చేలో ఎరువు చాలలేదని మగవాళ్లు అంటారు, పొయ్యిలోకి పిడకలు చాలలేదని ఆడవాళ్లకి తెలుసు. ఉన్న రెండు పశువుల పేడను ఈ నాలుగు అవసరాలకీ సర్దడం ఒక లెక్క. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు. దీన్ని వ్యవసాయం అని ఎవరూ అనలేదు, "ఇంటి పని" అన్నారు.

ఎండాకాలం వచ్చేసరికి ఆ కుప్ప మాగి, నల్లగా, పొడిపొడిగా అయ్యేది. తొలకరికి ముందే బండి కట్టి చేలోకి తోలేవారు. అక్కడక్కడ చిన్న కుప్పలుగా పోసి, తర్వాత తట్టలతో చల్లేవారు. పెరట్లో బీరపాదుకీ, ఆనపపాదుకీ, కరివేపాకు చెట్టుకీ అందులోంచి తలా కాస్త.

పేడ చరిత్ర ఎంత పాతది?

మనకు తెలిసినంతలో తెలుగు నేల మీద పేడ కుప్పల చరిత్ర నాలుగు వేల ఏళ్లకు పైమాటే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఊట్నూరు అనే ఊరుంది (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఒకటి ఉండేది. అదేమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వి చూశారు. అది కొత్త రాతియుగం నాటి పశువుల దొడ్డి. ఏళ్ల తరబడి పోగైన పేడను మళ్లీ మళ్లీ తగలబెడితే పేరుకున్న బూడిద అది. ఆ పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. అంటే ఆ మనుషులు అంత పేడనూ పొలానికి తోలుకోకుండా కాల్చేశారు. పూజగా కాల్చారా, పండగగా కాల్చారా అని పండితులు ఇప్పటికీ చర్చించుకుంటూనే ఉన్నారు. భోగి మంట చుట్టూ నిలబడే మనకు ఆ ఊహ మరీ దూరంగా అనిపించదు.

పేడను ఎరువుగా మాగబెట్టే పద్ధతి సంస్కృత గ్రంథాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 'కృషి పరాశరం' అనే వ్యవసాయ గ్రంథం మాఘమాసంలో పెంటకుప్పకు పూజ చేసి, పారతో తవ్వి, ఎండబెట్టి పొడి చేసి, ఫాల్గుణంలో గోతుల్లో వేసి, విత్తే వేళకు చల్లమంటుంది. పెంటకుప్పకు పూజ! సురపాలుడి 'వృక్షాయుర్వేదం' కుణపజలం అనే ద్రవ ఎరువు గురించి చెబుతుంది. మాంసం, చేపలు, కొవ్వు, ఎముకల మూలుగ వంటివి ఉడికించి, నువ్వుల పిండి, మినుములు, పాలు, తేనె వంటివి కలిపి, కుండలో పులియబెట్టి చెట్లకు పోసేది. చదవగానే ఒళ్లు జలదరించినా, కొల్లేటి పక్కన పుట్టిన మనకు ఇది కొత్త కాదు. చేపలు కడిగిన నీళ్లు పారబోయకుండా ఆనపపాదుకీ, గులాబీ మొక్కకీ పోసే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే కదా.

ఈ రెండు గ్రంథాలకూ మన హైదరాబాదు వైపు నుంచి ఇంగ్లీషు అనువాదాలు వచ్చాయి. నళినీ సాధలే అనే సంస్కృత పండితురాలు వాటిని అనువదించారు. సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 'వృక్షాయుర్వేదా'న్ని 1996లో ప్రచురించింది. ఎరువు గురించిన పాత మాట మళ్లీ వెలుగులోకి రావడానికి ఒక స్త్రీ కలం సాయపడిందని తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

దొరలు నేర్చుకున్న పాఠం

తెల్లవాళ్ల పాలనలో మన వ్యవసాయాన్ని బాగుచేయాలంటే ఏం చేయాలో చెప్పమని జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను పంపారు. ఆయన దేశమంతా తిరిగి 1893లో నివేదిక ప్రచురించాడు. పేడను పొలంలో వేయకుండా పిడకలు చేసి కాల్చేయడం పెద్ద నష్టమని రాశాడు. అయితే దాన్ని ఆడవాళ్ల అజ్ఞానంగా కొట్టిపారేయలేదు. కట్టెలు దొరక్కే పిడకలు కాలుస్తున్నారు, వంటచెరకు చూపిస్తే పేడ దానంతటదే పొలానికి వెళ్తుందన్నాడు. పొయ్యికీ పొలానికీ మధ్య ఉన్న ఈ ముడిని అంత దూరం నుంచి వచ్చిన మనిషి పట్టుకోగలిగాడు.

ఆ తర్వాత వచ్చినవాడు ఆల్బర్ట్ హోవార్డ్. 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరాడు. కంపోస్టు అనగానే ప్రపంచమంతా ఆయన పేరే చెబుతుంది. కానీ అదే ఏడాది ఆయన్ని పెళ్లాడి ఇక్కడికి వచ్చిన గాబ్రియెల్ గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆమె అప్పటికే కేంబ్రిడ్జిలో చదివి, మొక్కలు ఆహారం తయారుచేసుకునే తీరు మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. భర్తతో సమానంగా గోధుమ రకాల మీద పని చేసింది. 1913లో ప్రభుత్వం ఆమెకు సొంత హోదా ఇచ్చింది, రెండో ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్ట్ అని. 1924లో ఇద్దరూ ఇండోర్ వెళ్లి అక్కడి ప్లాంట్ ఇండస్ట్రీ సంస్థను నడిపారు. పూసా చుట్టుపక్కల రైతులే తన గురువులని హోవార్డ్ తర్వాత రాసుకున్నాడు. చెత్త, పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలు పొరలుగా వేసి, మూడుసార్లు తిరగేసి, దాదాపు మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతికి "ఇండోర్ పద్ధతి" అని పేరొచ్చింది. యశ్వంత్ వాడ్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1931లో వెలువడింది. దాన్ని చూడటానికి గాబ్రియెల్ లేదు, 1930లోనే చనిపోయింది. 1940లో రాసిన పెద్ద గ్రంథాన్ని హోవార్డ్ ఆమెకే అంకితమిచ్చాడు. గాబ్రియెల్ చెల్లెలు లూయీజ్ తర్వాత ఆయన్ని పెళ్లాడింది. ఆయన పోయాక భారతదేశంలో ఆయన చేసిన పనంతటినీ పుస్తకంగా రాసింది కూడా ఆమే.

హోవార్డ్ ఎంతో మెచ్చుకున్న మరో పుస్తకం ఉంది. చైనా, కొరియా, జపాన్ రైతులు నలభై శతాబ్దాలుగా నేలను చెడగొట్టకుండా ఎలా పండిస్తున్నారో చెప్పేది. రాసినవాడు ఎఫ్.హెచ్. కింగ్ అనే అమెరికన్. అది అచ్చు కాకముందే ఆయన చనిపోతే, 1911లో దాన్ని ప్రచురించింది ఆయన భార్య క్యారీ. చూశారా, పేరు పెద్దగా కనిపించేది ఒకరిదైనా, పని కిందపడకుండా పట్టుకున్న చెయ్యి ఇంకొకరిది.

మన వైపు 1939లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్. ఆచార్య మరో పద్ధతి తయారుచేశారు. గోతిలో చెత్త పొరలుగా నింపి, పైన మట్టితో మూసేసి, తిరగేయకుండా వదిలేయడం. పని తక్కువ, సమయం ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. పట్టణాల చెత్త కోసం దీన్ని బాగా వాడారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947 డిసెంబరులో ఢిల్లీలో అఖిల భారత కంపోస్టు సమావేశం జరిగింది. దేశ విభజన గాయాల మధ్య, కాందిశీకుల శిబిరాల మధ్య, చెత్తను ఎరువు చేయడం గురించి సమావేశం! ఆ ఆలోచన మీరాబెన్‌ది. అధ్యక్షత వహించింది బాబూ రాజేంద్ర ప్రసాద్. గాంధీగారు దాని గురించి 'హరిజన్'లో రాశారు. అప్పటికి ఆయనకు మిగిలింది కొద్ది వారాలే.

ఒక బస్తా, 230 తట్టలు

ఇంత తెలిసి, ఇంత మంది చెప్పీ, ఆ దారి మన ఊళ్లలోనే ఎందుకు తెగిపోయింది?

మనది మామూలు జిల్లా కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలవ నీళ్లు పారాయి. వరి మీద వరి వచ్చింది. సార్వా, దాళ్వా రెండు పంటలు తీసే నేలకు ఆకలి ఎక్కువ. రైతులు వరి కోశాక పిల్లిపెసర, జనుము చల్లి కలియదున్నేవారు. గొర్రెల మందల్ని చేలో కట్టించుకునేవారు. చెరువు ఎండితే ఒండ్రు మట్టి తోలుకునేవారు. ఇన్ని చేసినా చాలేది కాదు.

1960-61లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో కేంద్ర ప్రభుత్వం "ప్యాకేజీ ప్రోగ్రాం" మొదలుపెట్టింది. మంచి విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకే మూటగా రైతుకు ఇవ్వాలని. దేశం మొత్తం మీద మొదటి విడతకు ఎంచుకున్న ఏడు జిల్లాల్లో మన పశ్చిమగోదావరి ఒకటి (పెదపాడు, ఏలూరు అప్పుడు ఆ జిల్లాలోవే. ఏలూరు జిల్లా విడిపోయింది 2022 ఏప్రిల్ 4న). 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్.8 వరి పండించి "మిస్టర్ ఐ.ఆర్.8" అనిపించుకున్నారు. అదే ఏడాది విశాఖపట్నంలో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ మొదలైంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. యాభై కిలోల యూరియా బస్తాలో 23 కిలోల నత్రజని ఉంటుంది. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. అంటే అంతే నత్రజని పశువుల ఎరువు నుంచి రావాలంటే 4,600 కిలోలు కావాలి. తట్టకు ఇరవై కిలోల చొప్పున 230 తట్టలు. ఒక మనిషి భుజాన వేసుకొచ్చే ఒక్క బస్తా ఒకవైపు, ఎండలో తల మీద మోసే 230 తట్టలు ఒకవైపు. ఆ తట్టలు మోసింది చాలావరకు సొంత భూమి లేని ఇళ్ల ఆడవాళ్లు. వాళ్ల మెడ నరాలను అడిగితే యూరియా బస్తా ఎంత వరమో చెబుతుంది. పాత కాలమంతా బంగారం అని రాసే వ్యాసాలు చదివినప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. ఆ బంగారాన్ని ఎవరి నెత్తిన పెట్టి మోయించారో కూడా అడగాలి కదా.

అయితే బస్తా ఒక పనే చేస్తుంది, మొక్కకు మేత పెడుతుంది. పెంటకుప్ప రెండు పనులు చేసేది. మొక్కకు మేతా పెట్టేది, మట్టిలో జీవాన్నీ నిలిపేది. మాగిన ఎరువు పడ్డ మట్టి గుల్లగా ఉండి నీళ్లు పట్టి ఉంచుతుంది, వానపాములకూ సూక్ష్మజీవులకూ ఇల్లవుతుంది. మొదటి పనికి బస్తా దొరికింది. రెండో పనికి దొరకలేదు.

తర్వాతవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి. పాల ప్యాకెట్లు వచ్చాక రెండు గేదెల్ని మేపే ఓపిక పోయింది. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. పొగ తగ్గింది, కళ్లు బాగుపడ్డాయి, దానికి చేతులెత్తి మొక్కాలి. పొయ్యితో పాటు బూడిదా పోయింది. కొల్లేటి చుట్టూ వరి చేలు చేపల చెరువులయ్యాయి. ఇక పశువుల పేడ, కోళ్ల ఎరువు చేపల మేత పెరగడానికి ఆ చెరువుల్లోకి వెళ్లడం మొదలుపెట్టాయి. పెరడు ఉన్నచోట సిమెంటు చేశాం. ఇంట్లో చివరి గేదెను అమ్మేసిన రోజు నుంచి కూరగాయల తొక్కలకు వెళ్లే చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ తొక్కలు ఎక్కడికి వెళ్తున్నాయి?

ప్లాస్టిక్ కవర్లోకి. కవరు మూతి ముడివేసి బయట పెడతాం. గాలి ఆడని ఆ కవర్లో తొక్కలు ఎరువు కావు, కుళ్లుతాయి. కంపు, ఈగలు, మీథేన్ వాయువు, నల్లటి నీరు. కవరు చింపుకుని ఆవు తింటే దాని కడుపులోకి ప్లాస్టిక్ చేరుతుంది. మురుగు కాలవలో పడితే మన వైపు పల్లం కొల్లేరే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలోకి ఎక్కిన సరస్సు అది. అలాంటి మురుగులోని పోషకాలు తిని గుర్రపుడెక్క ఇంకా ఒత్తుగా పెరుగుతుంది. హోవార్డ్ కాలంలోనే బెంగాల్‌లో గుర్రపుడెక్కను కోసి కంపోస్టు చేశారు. నీరు శుభ్రంగా ఉన్నచోట అది మంచి సరుకే. విష పదార్థాలు కలిసే నీళ్లలో పెరిగిందయితే వాటిని పీల్చి దాచుకుంటుంది, పెరటి కూరగాయలకు వాడకపోవడమే మంచిది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకర చెత్త వేరు చేసి ఇవ్వడం ప్రతి ఇంటి బాధ్యత అని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టల కార్యక్రమం మొదలైంది. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలనే షెడ్లు కట్టి, వానపాముల ఎరువు చేసే తొట్లు పెట్టారు. మనం కలిపేసి ఇచ్చింది ఆ పనివాళ్లు చేతులతో విడదీయాలి. శానిటరీ ప్యాడ్లు, గాజు పెంకులు, కుళ్లిన కూర, బ్లేడు అన్నీ ఒకే కవర్లో. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లెందరో. 230 తట్టల బరువు వాళ్ల తల మీంచి దిగింది కానీ, మన కవరు వాళ్ల చేతిలోకి వచ్చింది.

నా మట్టుకు ఇంట్లో కంపోస్టు చేసుకోవడానికి అసలు కారణం ఇదే. మొక్కలకు బలం, డబ్బు ఆదా, పర్యావరణం అన్నీ నిజమే. వాటికంటే ముందు, మన వంటింట్లో పుట్టినదాన్ని మనమే చూసుకుంటే ఇంకో ఆడమనిషి దాన్ని చేత్తో ముట్టుకోవలసిన పని ఉండదు.

గేదె లేని ఇంటికి ఒక డబ్బా

కంపోస్టు డబ్బాను నేను గేదె బదులు వచ్చిన చుట్టంలా చూస్తాను. గేదె పొట్టలో జరిగే పనీ, డబ్బాలో జరిగే పనీ దగ్గరదగ్గరవే, రెండింటిలోనూ సూక్ష్మజీవులే అరిగిస్తాయి. గేదెకు కుడితీ కావాలి, ఎండుగడ్డీ కావాలి. ఉత్త కుడితి పోస్తే పారుకుంటుంది. డబ్బా కూడా అంతే.

పాత బకెట్టు, పగిలిన కుండ, ఏదైనా సరే. అడుగునా పక్కలా చిల్లులు ఉండాలి, గాలి ఆడాలి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండాకులో కొబ్బరిపీచు పొట్టో వేయండి. ఆ పైన రోజూ దోసెడు తడి చెత్తకు రెండు దోసిళ్ల పొడి చెత్త. ఎండాకులు, పీచు పొట్టు, చింపిన అట్టపెట్టె ముక్కలు, రైస్ మిల్లు దగ్గర దొరికే ఊక కొంచెం, ఏదైనా పొడి చెత్తే. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక ముప్ఫై పాళ్ల కర్బనం ఉంటే పని చురుగ్గా సాగుతుంది. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండాకుల్లో కర్బనం ఎక్కువ. ఆ జోడీ కుదర్చడమే మన పని. మొదట్లో గుప్పెడు మాగిన ఎరువో, చెట్టు కింద మట్టో, పుల్లటి మజ్జిగో చల్లితే తోడు వేసినట్టే. పాలు తోడుపెట్టడం వచ్చినవాళ్లకు ఇదో లెక్కా!

వారానికి రెండుసార్లు కర్రతో కలపండి. వెచ్చగా తగిలితే పని జరుగుతున్నట్టే. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, పొడి చెత్త వేసి కలపండి. మరీ ఎండిపోతే బియ్యం కడుగు చిలకరించండి. పిడికిట్లో పట్టి పిండితే చెమ్మ తెలియాలి, నీళ్లు కారకూడదు. చేపల పొలుసులు, రొయ్యల తొక్కలు డబ్బాలో వద్దు, పిల్లులూ ఎలుకలూ చేరతాయి. పెరడుంటే మూరెడు లోతున గొయ్యి తీసి పూడ్చేయండి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు అంత తేలిగ్గా మాగవు. నూనె కూరలు, పచ్చళ్లు వేయకండి, ఉప్పూ నూనే సూక్ష్మజీవులకు పడవు. డబ్బా నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెడితే, రెండు మూడు నెలలకు మొదటిది తొలకరి మట్టి వాసనతో నల్లగా తయారవుతుంది.

ఈ ఎరువుతో ఎకరాలు పండవు, పండుతాయని చెప్పడం అబద్ధం. కానీ నాలుగు పాదులు, రెండు కుండీలు, ఒక కరివేపాకు చెట్టు హాయిగా బతుకుతాయి. ఎకరాల సంగతి చూడటానికి వేరే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మన రాష్ట్రంలో 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో వాటా దక్కింది. ఘనజీవామృతం కలిపే ఆ చేతుల్లో చాలావరకు డ్వాక్రా సంఘాల ఆడవాళ్లవే.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. కుడితి గోలెం ఎక్కడుండేది? పెంటకుప్ప ఏ మూలన? ఏటా ఎన్ని బండ్లు తోలేవారు? తట్టలు ఎవరు మోసేవారు, వాళ్ల పేర్లేమిటి? ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. మా అత్తగారిని అడిగితే బండ్ల లెక్క వెంటనే చెప్పారు. మోసినవాళ్ల పేర్లకు మాత్రం చాలాసేపు ఆలోచించి, చివరికి ఇద్దరివే గుర్తుచేసుకోగలిగారు. ఆ రెండు పేర్లూ నా వంట డైరీలో రాసి పెట్టుకున్నాను.